అంచు మీద ‘20’: ఒక సవార్ పతకం కేసు

రాయి మీద చెక్కించాల్సిన వాక్యం ఆయన ముందే రాసుకొని వచ్చారు. “నిజాం హైదరాబాద్ లాన్సర్లలో సవార్, 1918 హైఫా విజేత.” సవార్ అంటే గుర్రపు సైనికుడు, లాన్సర్లు అంటే బల్లెం పట్టిన అశ్వికదళం. హైఫా పాలస్తీనాలోని రేవు పట్టణం, మొదటి ప్రపంచ యుద్ధంలో భారత అశ్వికదళాలు గెలిచిన చోటు. ఆయన మెదక్ వైపు ఒక ఊరి ఖబరస్తాన్‌లో ముత్తాత ఖబరు బాగు చేయిస్తున్నారు. రాయి వచ్చేసింది, చెక్కే మనిషి వారం టైమిచ్చాడు. “మీరొక్కసారి చూసి సరే అంటే చాలు సార్” అంటూ జేబులోంచి చేతిరుమాలు తీసి, మడత విప్పి, ఒక వెండి బిళ్ల నా టేబుల్ మీద పెట్టారు.

పాత సైనిక పతకాలు చదివి, అవి ఎవరివో, ఏ యుద్ధంలో వచ్చాయో తేల్చి కుటుంబాలకు రాసిచ్చే పని నాది. ఈ కేసు వివరంగా రాస్తానంటే ఆ కుటుంబం ఒప్పుకుంది. సవార్ పేరు, నంబరు మాత్రం ఇవ్వను. మన వైపు ఇళ్లలో ఇలాంటి బిళ్లలు ఇంకా ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఎక్కడ పొరపాటు పడతామో ఈ కేసులో బాగా కనిపిస్తుంది.

ఆయన నమ్మకానికి ఆధారాలు మూడు. మొదటిది, ముత్తాత “నిజాం ఫౌజు”లో ఉన్నాడనీ, జీతం నిజామే ఇచ్చాడనీ ఇంట్లో చెప్పుకునేవారు. రెండోది, బిళ్ల వెనక గుర్రం మీద మనిషి బొమ్మ ఉంది. మూడోది, ముందుగా దీన్ని చూసిన ఒక పాత నాణేల వ్యాపారి అంచు మీద ‘హెచ్’ అక్షరం చూపించి, అది హైదరాబాద్ అనీ, ఇది హైఫా మెడల్ అనీ చెప్పాడు. ఢిల్లీ వెళ్లినప్పుడు తీన్‌మూర్తి దగ్గర జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్ల జ్ఞాపకంగా ఉన్న మూడు సైనిక విగ్రహాల ముందు నిలబడి దిగిన ఫొటో కూడా ఫోన్‌లో చూపించారు. “వీళ్లలో ఒకరు మా ముత్తాత రెజిమెంటే కదా” అన్నారు. ఆ మాటలోని గర్వం చూశాక నాకు టెన్షన్ మొదలైంది. తప్పని తేలితే చెప్పాల్సింది నేనే.

చేతిలోని వస్తువు

ఇది బ్రిటిష్ వార్ మెడల్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన పతకం. అడ్డంగా 36 మిల్లీమీటర్లు, స్టెర్లింగ్ వెండి. ముందువైపు ఐదో జార్జి తల. వెనక గుర్రం మీద బట్టల్లేని మనిషి, గుర్రం కాళ్ల కింద డేగ గుర్తున్న డాలు, పుర్రె, ఎముకలు, పక్కన 1914, 1918 అన్న సంవత్సరాలు. ఆ గుర్రపు మనిషి సెయింట్ జార్జి. శిల్పి విలియం మెక్‌మిలన్.

గుర్రం బొమ్మ చూసి ‘ఇది అశ్వికదళం పతకం’ అనుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. కందకంలో నిలబడ్డ సిపాయికీ, ఓడలో పనిచేసిన నావికుడికీ ఇచ్చింది కూడా ఇదే బొమ్మ. వెండిలో ఇవి దాదాపు 65 లక్షలు తయారయ్యాయి. కాబట్టి రెండో ఆధారం అక్కడే పోయింది. ఒక చిన్న విషయం మాత్రం మిగిలింది. కూలీ దళాలకు, ఫౌజు వెంట వెళ్లిన పనివాళ్లకు ఇదే పతకాన్ని కంచులో ఇచ్చారు. మన దగ్గరున్నది వెండి. అంటే ఇతను గుర్రాలను చూసుకునే సైసుగా కాక, సైనికుడిగానే జాబితాలో ఉన్నాడు.

హైఫా మెడల్ అనేది కూడా విడిగా లేదు. ఈ పతకం మీద ఏ యుద్ధరంగం పేరూ ఉండదు. ఫ్రాన్స్, మెసపటేమియా, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా, ఎక్కడ పనిచేసినా ఇదే ఇచ్చారు. మనిషిని పట్టించేది అంచు ఒక్కటే. అంచు మీద నంబరు, హోదా, పేరు, రెజిమెంటు ముద్రించి ఉంటాయి. భారత సైన్యం వాళ్ల పతకాల మీద ఈ పని కలకత్తా టంకశాలలో జరిగింది.

ఆ అంచే ఇక్కడ బాగా దెబ్బతింది. పైన ఉండాల్సిన, రిబ్బను పట్టీ వేలాడదీసే కమ్మీ ఊడగొట్టి, కంసాలి ఒక చిన్న కొక్కెం టంకం వేశాడు. పిల్లల మెడలో నల్లదారంతో వేయడానికి. మన దగ్గరికి వచ్చే పతకాల్లో ఇది మామూలే. కరిగించకుండా కొక్కెం వేయించుకున్నందుకు సంతోషించాలి, ఎందుకంటే 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా ఎగిసినప్పుడు ఇలాంటి పతకాలు మూటలుగా కొలిమిలోకి వెళ్లిపోయాయి. ఆపైన ప్రతి పండక్కీ చింతపండు, బూడిద పెట్టి తోమడం. దాంతో రాజు ముక్కు, చెవి నున్నగా అరిగాయి. అంచు మీద అక్షరాలు సగం లోతే మిగిలాయి.

అంచు చదవడం

అరిగిన అంచును నేరుగా లైటు వేసి చూస్తే ఏమీ కనబడదు. గది చీకటి చేసి, చిన్న టార్చిని దాదాపు అంచుకు సమాంతరంగా పెట్టి, పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పదిరెట్లు పెంచే భూతద్దంతో చూస్తాను. అక్షరం అడుగున మిగిలిన గీత నీడగా లేస్తుంది. ప్రతి తిప్పుకీ ఫొటో తీసి, అన్నీ వరసగా పెట్టుకొని చదువుతాను. రంగు రాయడం, పొడి రుద్దడం లాంటివి చేయను.

నంబరు నాలుగంకెలూ దొరికాయి. హోదా సవార్. పేరు ఇంటివాళ్లు చెప్పినదే, స్పెల్లింగ్ మాత్రం వేరు. అప్పటి రాతగాళ్లు చెవికి విన్నట్టు రాశారు, అది పట్టించుకోనక్కర్లేదు. రెజిమెంటు దగ్గరే చిక్కు. ‘2’ స్పష్టంగా ఉంది. దాని పక్కన గుండ్రటి అంకె, కింది సగం అరిగింది. తర్వాత కొంత ఖాళీ, ఆపైన వ్యాపారి చూసిన ‘హెచ్’. దాని తర్వాతి అక్షరాల మీదికి టంకం పారింది.

వ్యాపారి ‘హెచ్’ ఒక్కదాన్నే చదివాడు, దాని ముందున్న అంకెను వదిలేశాడు. కానీ కేసు మొత్తం ఆ అంకెలోనే ఉంది. నిజాం సొంత దళమైన హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లకు ఇరవైల్లో నంబరు ఉండదు. అది సంస్థానపు సైన్యం. ఇరవైల్లో నంబరు ఉందంటే అది 1903లో అప్పటి సేనాధిపతి కిచెనర్ వరస నంబర్లు ఇచ్చిన బ్రిటిష్ ఇండియా సైన్యపు రెజిమెంటు. దక్కన్ పేరుతో ఆ వరసలో రెండు ఉన్నాయి: 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్లు. ఆ రెండోదానికి కూడా కుండలీకరణంలో దక్కన్ హార్స్ అనే పేరే. అంటే అరిగిన ఆ గుండ్రటి అంకె సున్నానా తొమ్మిదా అన్నది తేలాలి.

ఈ రెండూ ఎక్కడివో చెబితే గానీ “నిజాం ఫౌజు” అన్న మాట ఎందుకొచ్చిందో అర్థం కాదు. వీటి మూలం 18వ శతాబ్దం చివర్లో, 1790 ప్రాంతంలో నిజాం కోసం లేపిన రిసాలాల్లో, అంటే గుర్రపు దళాల్లో ఉంది. తర్వాత అవి ఇంగ్లిషు అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అయ్యాయి. బొల్లారం ఆ కంటింజెంట్ కేంద్రం. అక్కడ రిసాల బజార్ అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆ కంటింజెంట్ ఖర్చు కోసమే 1853లో నిజాం చేతిలోని బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) ఇంగ్లిషువాళ్ల చేతికి వెళ్లింది. 1902లో బేరార్ శాశ్వత కౌలు కుదిరాక కంటింజెంట్‌ను మామూలు భారత సైన్యంలో కలిపేశారు. కంటింజెంట్ లాన్సర్లే 20, 29 అయ్యారు. కాగితం మీద మారింది కానీ ఇళ్లలో మాట మారలేదు. తాత చేరిన రిసాలాలోనే మనవడు చేరితే అది ఇంటికి నిజాం ఫౌజే.

జీతం మాట కూడా అబద్ధం కాదు. 1914లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యుద్ధం ఖర్చుకు 60 లక్షల రూపాయలు ఇస్తానన్నాడు. ఆ సొమ్ము రెండు దళాల కోసం: ఒకటి తన ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, రెండోది తాను గౌరవ కల్నల్‌గా ఉన్న 20వ దక్కన్ హార్స్. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం కొంచెం తేలికపడింది. అప్పటిదాకా ఇంట్లో పెద్దలు చెప్పినదంతా నేను కొట్టేస్తున్నానని అనుకుంటున్నారు.

అమ్మ చెప్పిన మాట

సున్నానా తొమ్మిదా అన్నది వెండి అంచు మీద తేలలేదు. నా కంటికి సున్నా అనిపించింది, కానీ అనిపించడం రిపోర్టులో రాయదగ్గది కాదు. ‘హెచ్’ అక్షరం ‘హార్స్’కి మొదలైతే 20 అవుతుంది, 29వ దానికి లాన్సర్స్ అనే రాసేవారు. మొగ్గు 20 వైపే. అయినా ఇంటికి వెళ్లి చూడాలనిపించింది.

ఆయన తల్లికి ఎనభై దాటాయి. సవార్‌కు మనవరాలు. చిన్నప్పుడు ఈ బిళ్లను తాయెత్తులా మెడలో వేసుకుని తిరిగింది ఆవిడే. “అమ్మా, మీ దాదా యుద్ధం గురించి ఏమనేవారు?” అని అడిగాను. “ఏమీ అనేవారు కాదు బేటా. చలి అనేవారు. బురద అనేవారు. మర్సిలీస్‌లో దిగినప్పుడు జనం పూలిచ్చారనేవారు.” ఇంట్లో అందరూ ఆ మర్సిలీస్ అరబ్బు దేశంలోని ఊరనుకున్నారట.

మర్సిలీస్ అంటే మార్సెయ్, ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని రేవు. 1914 శరత్కాలంలో భారత దళాలు దిగింది అక్కడే. హైదరాబాద్ లాన్సర్లు ఫ్రాన్స్ వెళ్లలేదు, వాళ్లు ఈజిప్టు వెళ్లారు, సూయజ్ కాలువ కాపలాతో మొదలుపెట్టారు. ఒక్క ఊరి పేరుతో మూడు రిసాలాల్లో ఒకటి తప్పుకుంది. నా పనిలో ఇలాంటి మాటలకు చాలా విలువిస్తాను. ముసలివాళ్లకు తేదీలు తారుమారవుతాయి, పోరాటాల పేర్లు తర్వాత విన్నవాటితో కలిసిపోతాయి, కానీ చిన్నప్పుడు విన్న వింత శబ్దం అలాగే నిలుస్తుంది.

“దాదావి ఇంకేమైనా ఉన్నాయా అమ్మా, రిబ్బను గానీ, కాగితం గానీ?” అంటే కోడలు కుట్టుసామాను రేకుడబ్బా తెచ్చింది. గుండీలు, దారపు ఉండలు, వాటి అడుగున నల్లబడ్డ ఒక కంచు నక్షత్రం. పిల్లలు ఆడుకునే బొమ్మ అనుకున్నారట, అందుకే ఎవరూ తోమలేదు. ముందువైపు అడ్డంగా రెండు కత్తులు, వాటి మీద చుట్టుకున్న పట్టీల్లో ‘ఆగస్టు’, ‘1914’, ‘నవంబరు’. వెనక చదునైన వైపు, ముద్ర వేసిన రోజున ఎంత స్పష్టంగా ఉన్నాయో అంతే స్పష్టంగా, అదే నంబరు, అదే పేరు, దాని కింద 20. సున్నా.

ఇది 1914 స్టార్. 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 మధ్య ఫ్రాన్స్‌లో గానీ బెల్జియంలో గానీ పనిచేసినవాళ్లకే ఇచ్చారు. దీనికి కవలలా ఉండే ఇంకో నక్షత్రం ఉంది, దాని మధ్యలో ‘1914-15’ అని ఉంటుంది. అది చాలా ఎక్కువమందికి వచ్చింది. ఈ తేడా తెలియక కుటుంబాలు మొదటిదాన్ని కూడా తక్కువ ధరకు ఇచ్చేస్తుంటాయి. ఈ మూడు నెలల నక్షత్రం చెప్పేది గట్టి విషయం: ఈ మనిషి వెనక నుంచి వచ్చిన భర్తీల్లోవాడు కాదు, మొదటి ఓడల్లో వెళ్లినవాడు.

మూడోది, ఇంద్రధనుస్సు రిబ్బనుతో ఇచ్చే విక్టరీ మెడల్, ఇంట్లో లేదు. నక్షత్రం వచ్చినవాళ్లకు అదీ వచ్చి ఉంటుంది. ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

నాలుగేళ్లు

20వ దక్కన్ హార్స్ సిలాదారీ రెజిమెంటు. అంటే గుర్రం, జీను సర్కారువి కావు. సవార్ తన వాటా సొమ్ము కట్టి చేరతాడు, ఆ వాటాను ఆసామీ అంటారు. సొంత గుర్రం లేనివాడు ఇంకొకరి గుర్రమెక్కితే బార్గీరు. ఈ మాటలు మన తెలంగాణ పల్లెల్లో వేరే అర్థాల్లో ఇంకా వినిపిస్తాయి. రెజిమెంటులో దక్కన్ ముస్లింలతో పాటు సిక్కులు, జాట్లు ఉండేవారు. ఫ్రాన్స్ వెళ్లాక ఈ పద్ధతి నిలబడలేదు. రోజూ గుర్రాలు చస్తుంటే ఏ సవార్ కొత్త గుర్రం కొనగలడు? యుద్ధం అయ్యాక దాన్ని పూర్తిగా తీసేశారు.

సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌లో భాగంగా వీళ్లు ఫ్రాన్స్ చేరారు. అదే బ్రిగేడ్‌లో 7వ డ్రాగూన్ గార్డ్స్, 34వ పూనా హార్స్ ఉన్నాయి. చేరిన కొద్ది వారాలకే గుర్రాలు వెనక వదిలి కందకాల్లోకి దిగారు. ఆ మొదటి చలికాలమే ఆ ముసలాయన ఇంట్లో చెప్పిన చలి, బురద.

1916 జులై 14 గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో ఆ తెల్లవారుజామున బజెంటిన్ గుట్టల మీద పదాతి దళాలు శత్రువు గీత దాటాయి. ముందు హై వుడ్ అనే అడవి దాదాపు ఖాళీగా కనిపించింది. అశ్వికదళాన్ని రమ్మన్నారు. కానీ గుంతలు, కందకాలు, జారే నేల దాటుకుని వచ్చేసరికి పగలంతా గడిచిపోయింది. సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో 7వ డ్రాగూన్ గార్డ్స్, 20వ దక్కన్ హార్స్ బల్లేలు దించి, ఏపుగా పెరిగిన పంటచేలలోంచి హై వుడ్, డెల్విల్ వుడ్‌ల మధ్యకు గుర్రాలు తోలారు. చేలలో దాక్కున్న జర్మన్ సైనికుల్లో కొందరు బల్లేలకు గురయ్యారు, కొందరు పట్టుబడ్డారు. పైన ఒక విమానం కిందికి దిగి శత్రువు ఎక్కడున్నాడో చూపించింది. మెషిన్ గన్లు మొదలయ్యాక గుర్రాలు దిగి, ఆ రాత్రి గీత పట్టుకుని, తెల్లవారకముందే వెనక్కి వచ్చారు. ఆ అడవి చివరికి చేతికొచ్చింది సెప్టెంబరు 15న, రెండు నెలల తర్వాత. ఉదయమే వాళ్లను రానిచ్చి ఉంటే ఏమయ్యేదో అన్న చర్చ ఇంకా సాగుతోంది. నా దృష్టిలో ఆ సాయంత్రం ఆ చేలలోకి వెళ్లినవాళ్ల ధైర్యానికి ఆ చర్చతో పని లేదు.

ఆ రోజు దాడికి కాస్త ముందు కార్నాయ్ లోయలో దక్కన్ హార్స్ నిలబడి ఉన్న ఫొటో ఒకటి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. తలపాగాలు, బల్లేలు, ఓపిగ్గా నిలబడ్డ గుర్రాలు. అది చూపించగానే ఆయన ఫోన్‌లో జూమ్ చేసి ఒక్కో ముఖం వెతకడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాను: ముఖం గుర్తుపట్టడానికి మన దగ్గర ముత్తాత ఫొటో లేదు. ఆయన ఆ రోజు రెజిమెంటుతో ఉన్నారని చెప్పడానికీ కాగితం లేదు. ఆస్పత్రిలో ఉండి ఉండొచ్చు, డిపోలో ఉండి ఉండొచ్చు. రెజిమెంట్ల యుద్ధ దినచర్యలు బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, కానీ వాటిలో అధికారుల పేర్లు కనిపించినంతగా సవార్ల పేర్లు కనిపించవు. పంజాబ్ జిల్లాల సైనికుల జాబితాలు లాహోర్‌లో దొరికి, 3 లక్షల 20 వేల మంది పేర్లు బయటికొచ్చాయని ఆయన ఎక్కడో చదివారు. అవి పంజాబ్‌వి, ఇక్కడ పనికి రావు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితా మాత్రం చూశాను. 1921 ఆగస్టు దాకా చనిపోయినవాళ్లు అందులో ఉంటారు. ఆయన లేరు. బతికి ఇంటికొచ్చారన్న ఇంటిమాటతో అది సరిపోయింది.

1917 చివర ఫ్రాన్స్‌లోనే కాంబ్రే పోరు. 1918 మొదట్లో భారత అశ్వికదళాలను ఫ్రాన్స్ నుంచి తీసి ఈజిప్టు పంపారు. ఆ వేసవి జోర్డాన్ లోయలో, సముద్ర మట్టానికి 300 మీటర్లకు పైగా దిగువన, దుమ్ములో, మలేరియాలో గడిచింది.

హైఫా సంగతి

పాలస్తీనాలో 20వ దక్కన్ హార్స్ 14వ అశ్విక బ్రిగేడ్‌లో చేరింది. ఆ బ్రిగేడ్ 5వ అశ్విక డివిజన్‌ది. అదే డివిజన్‌లో ఇంకో బ్రిగేడ్ 15వది, ఇంపీరియల్ సర్వీస్ బ్రిగేడ్. అందులో జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్లు. తీన్‌మూర్తి విగ్రహాలు ఈ మూడు సంస్థానాలవి, 1922లో పెట్టినవి. అంటే మన సవార్ తీన్‌మూర్తిలో లేడు కానీ అదే డివిజన్‌లో, పక్క బ్రిగేడ్‌లో ఉన్న రెజిమెంటువాడు.

1918 సెప్టెంబరు 19న బ్రిటిష్ సేనాపతి అలెన్‌బీ దాడి మొదలైంది. 5వ డివిజన్ సముద్రతీరం వెంట ఉత్తరానికి దూసుకెళ్లి, రాత్రికి రాత్రి కొండలు దాటి ఎస్‌డ్రేలాన్ మైదానంలోకి దిగింది. 20వ తేదీన 13వ బ్రిగేడ్ నజరేతు మీదికి, 14వ బ్రిగేడ్ ఎల్ అఫూలే వైపు. 23న డివిజన్ పనులు పంచుకుంది: 13కి ఏకర్ రేవు, 15కి హైఫా. హైఫాలోకి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్ లాన్సర్లు, వాళ్లకు తోడుగా మైసూర్ లాన్సర్లు. జోధ్‌పూర్ మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే ప్రాణం విడిచాడు. 14వ బ్రిగేడ్ నుంచి ఆ పనికి వెళ్లింది షెర్‌వుడ్ రేంజర్లనే బ్రిటిష్ రెజిమెంటు దళం. దక్కన్ హార్స్ ఆ దాడిలో లేదు. తర్వాత వారంలో దక్కన్ హార్స్ డమాస్కస్ దారిలో ఉంది. రెజిమెంటుకు దక్కిన యుద్ధ గౌరవాల్లో మెగిడ్డో, షారోన్, డమాస్కస్ ఉన్నాయి. హైఫా లేదు.

ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “అయితే నేను పిల్లలకు చెప్పిందంతా...” అని ఆగిపోయారు. ఆయన బాధ నాకు అర్థమైంది. హైఫా పేరు ఇప్పుడు పేపర్లలో, టీవీలో వస్తుంది. హై వుడ్ పేరు ఎవరికీ తెలియదు. కానీ ఆయన ముత్తాత హైఫాకు నాలుగేళ్ల ముందే, ఫ్రాన్స్‌లో చలి మొదలయ్యే రోజుల్లోనే యుద్ధంలో ఉన్నాడు. హైఫా అని చెక్కిస్తే ఆ నాలుగేళ్లూ రాయి కిందికి పోతాయి. అదే మాట ఆయనతో అన్నాను.

రిపోర్టు

రాయి మీద ఇలా రాయమన్నాను: “20వ దక్కన్ హార్స్‌లో సవార్. 1914లో ఫ్రాన్స్ వెళ్లిన మొదటి దళాలలో ఒకరు.” కింద నంబరు. హై వుడ్, డమాస్కస్ పేర్లు రాయి మీద వద్దని, ఇంట్లో పెట్టుకునే కాగితంలో “ఈయన రెజిమెంటు అక్కడ పోరాడింది” అని విడిగా రాసిచ్చాను. ఆ రెజిమెంటు చరిత్ర అక్కడితో అయిపోలేదని కూడా రాశాను: 1921లో 20, 29 రెండూ కలిసిపోయాయి, గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చాయి, దక్కన్ హార్స్ పేరుతో భారత సైన్యంలో ఈనాటికీ ఉంది, 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. మనవడి మనవడొకడు ఎన్‌సీసీలో ఉన్నాడట, ఆ కాగితం వాడే తీసుకున్నాడు.

రాసినదంతా వాళ్ల అమ్మకు చదివి వినిపించాను. ఒక్కటి కలపమంది. “మర్సిలీస్ రాయలేదేం?” అంది. రాయి చెక్కే మనిషికి ఫోన్ చేసి ‘ఫ్రాన్స్’ దగ్గర ‘మార్సెయ్ రేవులో దిగి’ అని చేర్పించాం.

ఇక పతకాల సంగతి. తోమడం పూర్తిగా ఆపమన్నాను, చింతపండు గానీ, పాలిష్ గానీ. నక్షత్రం మీది నలుపును అస్సలు ముట్టుకోవద్దన్నాను. ఆ నలుపే దాని అక్షరాలను కాపాడింది. రెండింటినీ ఒకదానికొకటి తగలకుండా మెత్తటి నూలు గుడ్డల్లో విడిగా చుట్టి, గాలి తగలని డబ్బాలో పెట్టాం. కొక్కెం తీయించి అసలు పట్టీ కమ్మీ లాంటిది పెట్టిస్తే అమ్మేటప్పుడు ధర పెరుగుతుందని ఎవరో ఆయనకు చెప్పారు, తీయించమంటారా అని అడిగారు. టంకం కింద రెండు మూడు అక్షరాలున్నాయి, వేడి పెడితే అవీ పోతాయి. అదీగాక, ఆ కొక్కెం వేయించింది సవారే, మనవరాలి మెడలో వేయడానికి. అలాగే ఉంచమన్నాను.